మొదటిసారి క్లిప్‌లెస్ పెడల్స్: ఏవి కొనాలి, సిగ్నల్ దగ్గర పడకుండా ఎలా?

మియాపూర్_మలుపు

అందరికీ నమస్తే. ఆర్నెల్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక రోడ్ బైక్ తీసుకున్నాను. వారానికి మూడు రోజులు పొద్దున ఐదింటికే లేచి ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతున్నా, ఆదివారం గండిపేట వైపు యాభై అరవై కిలోమీటర్లు. ఇప్పటిదాకా బైక్‌తో వచ్చిన మామూలు ప్లాస్టిక్ పెడల్స్, కాళ్లకి జాగింగ్ షూసే. పోయిన నెల వానలో కాలు జారి, పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముకకి కొట్టింది, ఆ దెబ్బ ఇంకా నల్లగానే ఉంది. మా గ్రూపులో వాళ్లంతా క్లిప్‌లెస్‌కి మారిపో అంటున్నారు.

నా డౌట్లు చాలా బేసిక్, నవ్వకండి. కాలిని పెడల్‌కి క్లిప్ చేసేదాన్ని క్లిప్‌లెస్ అని ఎందుకంటారు? రెండు బోల్టుల రకం, మూడు బోల్టుల రకం అంటున్నారు, కొత్తవాడికి ఏది మంచిది? షూస్ సైజు ఆన్‌లైన్‌లో ఎలా చూసుకోవాలి? అన్నిటికన్నా పెద్ద టెన్షన్: లింగంపల్లి సిగ్నల్ దగ్గర బస్సు పక్కన ఆగినప్పుడు కాలు ఊడి రాకపోతే నా పరిస్థితేంటి?

బడ్జెట్ పెడల్స్, షూస్ కలిపి పన్నెండు వేలు. ఇంట్లో సైకిల్ రేటే సగానికి సగం తగ్గించి చెప్పాను, దీనికి మళ్లీ కొత్త అబద్ధం ఆడాలి.

పాత_అట్లాస్

బాబూ, పేరు సంగతి ముందు. అప్పట్లో రేసు సైకిళ్ల పెడల్స్‌కి ముందువైపు ఒక ఇనప పంజరం లాంటిది ఉండేది, దాన్ని టో క్లిప్ అనేవాళ్లు. బూటు ముక్కు అందులో దూర్చి పైన తోలు పట్టీ లాగి బిగించాలి. ఆగే ముందు వంగి చేత్తో ఆ పట్టీ వదులు చేసుకోవాలి, మర్చిపోయావా అంతే సంగతులు. ఆ పంజరం లేకుండా బూటు అడుగున ఉన్న ముక్క (దాన్నే క్లీట్ అంటారు) పెడల్‌లో టక్కున పడే రకం వచ్చేసరికి ‘టో క్లిప్ లేనిది’ అనే అర్థంలో క్లిప్‌లెస్ అన్నారు. ఆ పేరే నిలిచిపోయి మనల్ని తికమక పెడుతోంది. ఫ్రాన్స్‌లో లుక్ కంపెనీ అప్పటికే మంచు మీద జారే స్కీలకి బైండింగ్‌లు చేసేది, అదే కిటుకు 1984లో సైకిల్ పెడల్‌కి తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు, ఆ తర్వాత ఇక పట్టీల జోలికి పోయినవాళ్లు తక్కువ.

మూడు బోల్టుల రకమంటే ఆ లుక్ వంశమే, షిమానోలో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ కూడా ఇదే తరహా. పెద్ద ప్లాస్టిక్ క్లీట్, బూటు అడుగు నుంచి బయటికి పొడుచుకుని ఉంటుంది. చూడటానికి ఒకేలా ఉన్నా లుక్ క్లీట్ షిమానో పెడల్‌లో పట్టదు, అది గుర్తుపెట్టుకో. రెండు బోల్టుల రకం షిమానో 1990లో కొండ బైకుల కోసం తెచ్చిన ఎస్‌పీడీ. చిన్న ఇనప క్లీట్, బూటు అడుగున గుంటలో దాక్కుంటుంది, కాబట్టి మామూలుగా నడవచ్చు. నాకు అరవై దాటాయి, నేను రెండు బోల్టులవాణ్ణే. దారిలో టిఫిన్ బండి దగ్గర దిగి ఇడ్లీ తినకపోతే ఆ రైడ్ నాకు రైడే కాదు, మూడు బోల్టుల బూట్లతో బురదలో బాతులా నడిచి ఇడ్లీ ప్లేటు పట్టుకోవడం నా వల్ల కాదు.

కార్బన్_కాలు

అంకుల్‌తో గౌరవంగా విభేదిస్తున్నా. రోడ్ బైక్ కొన్నది రోడ్ బైక్‌లా తొక్కడానికి. మూడు బోల్టుల క్లీట్ వెడల్పుగా ఉంటుంది, అరికాలి మీద ఒత్తిడి పరుచుకుంటుంది, నాలుగు గంటలు తొక్కినా ఒకే చోట నొక్కినట్టు ఉండదు. ఎలాగూ ఆర్నెల్లకి దానికే మారతావు, రెండుసార్లు డబ్బులెందుకు బ్రో. షిమానో ఆర్ఎస్500తో మొదలుపెట్టు, దాంట్లో క్లీట్‌ని పట్టుకునే స్ప్రింగ్ బిగుతు (టెన్షన్ అంటారు) బాగా తగ్గించుకోవచ్చు. క్లీట్ మాత్రం పసుపు రంగుదే వాడు. పసుపులో కాలు 6 డిగ్రీలు అటూఇటూ ఆడుతుంది, నీలంలో 2, ఎరుపులో అసలు ఆడదు. ఎరుపు చూడటానికి ఎంత అందంగా ఉన్నా నీకొద్దు. లుక్ కియోలో రంగులు వేరే, అక్కడ ఎరుపే ఎక్కువ ఆడేది, 9 డిగ్రీలు. కొనేటప్పుడు కలిపేసుకోకు.

నో_టెన్షన్_నాయుడు

అసలు మారాలా అని ఎవరూ అడగట్లేదేంటి? కాలు జారుతోంది అంటే పిన్నులున్న మంచి ఫ్లాట్ పెడల్స్, అడుగు మెత్తగా పట్టుండే షూ వేసుకుంటే సరిపోతుంది. క్లిప్ చేస్తే పెడల్‌ని పైకి కూడా లాగొచ్చు, డబుల్ పవర్ అని చెప్పేవాళ్ల మాటలు నమ్మకు. మామూలు స్పీడ్‌లో ఎవడూ పైకి లాగడు, లాగితే తొందరగా అలిసిపోతాడు. ఉపయోగం ఏంటంటే కాలు ఒక్క చోటే ఉంటుంది, గుంతలో పడ్డా, లేచి స్ప్రింట్ కొట్టినా ఊడిపోదు. అది కావాలంటే కొను. గ్రూపులో అందరికీ ఉన్నాయని మాత్రం కొనకు. మాది గుంటూరు, కుక్కలు ఎక్కువ, నాకు రెండు కాళ్లూ స్వేచ్ఛగా ఉండాలి.

రెండొందల_కి‌మీ

నాయుడు గారు చెప్పిన ఉపయోగం కరెక్ట్, కుక్కల విషయంలో మాత్రం నాది వేరే అనుభవం. కుక్క వెంటపడితే కాలు పెడల్ మీద గట్టిగా ఉండటమే మంచిది, పారిపోవాలిగా.

తమ్ముడూ, నేను బ్రెవేలు (గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు రైడ్‌లు) తొక్కుతాను, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి. దారిలో కంట్రోల్ (హాజరు వేయించుకునే చోటు) దగ్గర దిగాలి, నీళ్లు పట్టుకోవాలి, ధాబాలో మెట్లెక్కాలి, రాత్రైతే పంక్చర్ వేసుకుంటూ కంకర మీద నిలబడాలి. ఇన్నేళ్లలో నా పక్కన తొక్కినవాళ్లలో ఎస్‌పీడీ వాళ్లు తక్కువేం లేరు. కొత్తవాడికి ఇంకో పెద్ద లాభం ఉంది, ఎవరూ చెప్పలేదు: షిమానో ఎం520 లాంటి ఎస్‌పీడీ పెడల్స్ రెండు పక్కలా పట్టుకుంటాయి. సిగ్నల్ పచ్చ పడగానే వెనక ఆటోవాడు హారన్ మోగిస్తుంటే పెడల్ ఏ వైపు తిరిగి ఉందో చూసుకోనక్కర్లేదు. మూడు బోల్టుల పెడల్‌కి ఒకటే వైపు, కాలితో తిప్పి సరిచేసుకోవాలి, అదొక అలవాటు రావాలి. ఆఫీసుకి మామూలు చెప్పులతో కూడా వెళ్తావా? అయితే ఈహెచ్500 చూడు, ఒక పక్క ఫ్లాట్, ఇంకో పక్క ఎస్‌పీడీ.

పెడల్‌తో వచ్చే క్లీట్ ఏదో చూసుకో. ఎస్‌హెచ్51 అయితే మడమ బయటికి తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 అని ఇంకోటి విడిగా దొరుకుతుంది, ఎటు తిప్పినా, కంగారులో పైకి వంకరగా లాగినా వదిలేస్తుంది. మొదటి మూడు నెలలు అది పెట్టుకో, ఎక్కువ ఖర్చు కాదు. షూస్ కొనేటప్పుడు అడుగు తిరగేసి బొక్కలు లెక్కపెట్టు, రెండు బోల్టులవేనా అని. డిస్కౌంట్ చూసి మూడు బోల్టుల షూ కొనేసి ఎస్‌పీడీ పెడల్ ముందు కూర్చుని తల పట్టుకున్నవాడు నాకు తెలుసు. అద్దంలో రోజూ కనిపిస్తాడు.

ఇంకోటి, ముందు ఎడమ కాలే తీయడం అలవాటు చేసుకో. మన రోడ్ల మీద ఎడమ అంచున పోతాం, అంచు వైపే రోడ్డు వాలి ఉంటుంది, అటే ఫుట్‌పాత్ రాయి మీద కాలు ఆనించొచ్చు. పొరపాటున పడ్డా మట్టిలో పడతావు, లారీ వైపు పడవు.

భీమిలి_పెడల్

షూస్, ఫిట్టింగ్ గురించి నేను చెప్తా, ఎందుకంటే వీటితో నేను ఏడాది ఏడ్చాను. మొదటిసారి షాపులోనే క్లీట్స్ బిగించి ఇచ్చారు, నేనూ చూసుకోలేదు, రెండు కాళ్లకీ వేలెడు తేడా ఉందని నాలుగు నెలల తర్వాత టైల్స్ మీద రెండు బూట్లూ పక్కపక్కన బోర్లించి పెడితే తెలిసింది.

సైజు: బాటాలో ఎనిమిది నంబర్ కాబట్టి 42 అని ఆర్డర్ పెట్టేయకు. గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడు, కూర్చుని కాదు, బరువు పడాలి. పొడవైన వేలి చివర పెన్సిల్‌తో గీత గీసి సెంటీమీటర్లలో కొలువు, రెండు కాళ్లూ కొలువు, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకుని ఆ కంపెనీ చార్ట్‌లో చూసుకో. సాయంత్రం కొలవాలి, పొద్దుటికంటే పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, ఏప్రిల్ ఎండలో రైడ్ చివర ఎలా ఉంటుందో దానికి దగ్గరగా వస్తుంది. మనలో చాలామందికి పాదం ముందు వెడల్పు, ఇంటి దగ్గర చెప్పుల్లోనే పెరిగాం కదా. కొన్ని మోడల్స్‌లో వైడ్ అని విడిగా ఇస్తారు, అది దొరికితే ఒక సైజు పెంచుకునే బదులు అదే తీసుకో, సైజు పెంచితే మడమ లోపల పైకి కిందకి ఆడుతుంది. చిటికెన వేలు పక్కన నొక్కితే గంటకల్లా తిమ్మిరెక్కి అరికాలు మండుతుంది, వాడితే సాగుతుందిలే అని షాపువాళ్లు అంటే నమ్మకు, ఈ షూస్ సాగవు. కార్బన్ అడుగు మనకిప్పుడు అక్కర్లేదు, నైలాన్ చాలు.

ఇప్పుడు క్లీట్ ఎక్కడ పెట్టాలి. బొటనవేలి మొదట్లో లోపలి పక్కన ఒక ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది చూడు. రైడింగ్ సాక్స్ వేసుకుని దాని మీద ఒక బొట్టుబిళ్ల అంటించు (ఇంట్లో అద్దానికి అంటించినవి ఉంటాయి, ఒకటి పోతే ఎవరూ అడగరు). చిటికెన వేలి మొదట్లో బయటి పక్కన కూడా ఇంకోటి. షూ వేసుకుని బిగించి, బయట నుంచి వేలితో తడిమి బిళ్లలు తగిలిన చోట స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టు. ఈ రెండు చుక్కలూ ఒకే వరసలో ఉండవు, చిటికెన వేలిది కాస్త వెనక ఉంటుంది. పెడల్ ఇరుసు మధ్యభాగం ఈ రెంటి మధ్యకి వచ్చేలా క్లీట్ పెట్టు. అనుమానంగా ఉంటే రెండు మిల్లీమీటర్లు వెనక్కే జరుపు, ముందుకి వద్దు. ముందుకి పోయేకొద్దీ పిక్క మీద భారం పడుతుంది.

కోణం కోసం ఎత్తైన బల్ల మీద అంచుకి కూర్చుని కాళ్లు గాల్లో వదిలెయ్, పాదాలు ఎటు చూస్తున్నాయో చూడు. లేదా కాళ్లు తడిపి గ్రానైట్ గచ్చు మీద మామూలుగా నడిచి అడుగులు చూడు. నీ పాదం ఎటు చూస్తే షూ అటే చూడాలి, ఫొటోల్లో రేసర్ల పాదాలు తిన్నగా ఉన్నాయని నీవి తిన్నగా చేయకు. దీంట్లో ఒక తికమక ఉంది, క్లీట్ ముక్కుని లోపలికి తిప్పితే షూ ముక్కు బయటికి పోతుంది. ఒక్కసారి తిప్పి చూస్తే అర్థమవుతుంది, చదివితే కాదు.

బోల్టులకి కొంచెం గ్రీజు రాయి, నాలుగో నంబర్ అలెన్ కీతో గట్టిగా బిగించు, టార్క్ కీ ఉంటే 5 నుంచి 6 న్యూటన్ మీటర్లు. వదులుగా ఉంటే నువ్వు మడమ తిప్పినప్పుడు క్లీట్ అక్కడే ఉండి షూ మాత్రమే తిరుగుతుంది, కాలు ఊడదు, పడిపోతావు. మొదటి రైడ్ తర్వాత మళ్లీ బిగించి చూడు. తర్వాత క్లీట్ చుట్టూ పెన్‌తో గీత గీసి పెట్టుకో, రేపు ఏదైనా కదిలితే ఎక్కడుండేదో తెలుస్తుంది.

పాత_అట్లాస్

భీమిలి అమ్మాయి చక్కగా చెప్పింది. పెడల్ మార్చేటప్పుడు ఒక మాట. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, తెలియక బలంగా తిప్పి క్రాంక్ (పెడల్ తగిలించే చేయి) పాడుచేసుకుంటారు. నాకు మా మేస్త్రీ చెప్పిన లెక్క: పానా పైకి నిలబెట్టి పట్టుకో, ఏ పక్కనైనా సరే ముందు చక్రం వైపు నెడితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు లాగితే వదులవుతుంది. 15 నంబర్ పానా పడుతుంది, కొన్నిటికి లోపలి పక్క నుంచి అలెన్ కీ. మరకి గ్రీజు రాయకుండా ఎక్కించొద్దు, రెండేళ్ల తర్వాత ఊడదీసేవాడు తిట్టుకుంటాడు. పెడల్, బూటు రెండూ మారాయంటే సీటు ఎత్తు కూడా మళ్లీ చూసుకోవాలి, కొన్ని మిల్లీమీటర్లు అటూఇటూ అవుతుంది.

రెండొందల_కి‌మీ

ప్రాక్టీస్ గురించి కూడా చెప్పేస్తా. ముందు స్ప్రింగ్ టెన్షన్ పూర్తిగా తగ్గించు. రెండు పక్కల పెడల్ అంటే మొత్తం నాలుగు స్క్రూలు, నాలుగూ తగ్గించాలి, చాలామంది పైన కనిపించే రెండు తిప్పి ఊరుకుంటారు. మొదటి రోజు రోడ్డెక్కకు. బాల్కనీ గ్రిల్లు పట్టుకుని సైకిల్ మీద కూర్చుని ఎడమ కాలు యాభై సార్లు పెట్టి తియ్, తర్వాత కుడిది. కాలు పైకి లాగొద్దు, మడమని బయటికి తన్నినట్టు తిప్పాలి, పెడల్ కింద ఉన్నప్పుడు సులువు. రెండో రోజు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పొద్దున్నే, కార్లు కదలకముందు, తొక్కు, ఆగు, దిగు, అంతే.

అసలు కిటుకు కాలు తీయడంలో లేదు, ఎప్పుడు తీయాలో దాంట్లో ఉంది. ఆగడానికి పది మీటర్ల ముందే తీసెయ్, తీసిన కాలు పెడల్ మీద ఊరికే ఆనించి ఉంచు. ఎడమ కాలు తీసి కుడి వైపు వాలితే ఇక దేవుడే దిక్కు, కాబట్టి ఒంటి బరువు కొంచెం ఎడమకి వాల్చి ఆగు. అయినా ఒకసారి పడతావు. స్పీడ్ సున్నా ఉంటుంది కాబట్టి మోచేయి గీసుకోవడం, పరువు పోవడం, ఆ రెండే.

మియాపూర్_మలుపు

మూడు వారాల తర్వాత వచ్చా, సారీ. ఎం520, ఎస్‌హెచ్56 క్లీట్స్, నైలాన్ అడుగు షూస్ తీసుకున్నా, బడ్జెట్ కొంచెం దాటింది. కార్బన్ బ్రో ఏమనుకోకు, ఇడ్లీ గెలిచింది.

రెండొందల అన్నా, మీ మాట నిజమైంది. లింగంపల్లి సిగ్నల్ దగ్గర బ్రహ్మాండంగా ఆగాను, బస్సు పక్కనే. గండిపేట చుట్టొచ్చి, అరవై కిలోమీటర్లు అయ్యాక, మా సొంత అపార్ట్‌మెంట్ గేటు ముందు వాచ్‌మన్ గేటు తీస్తాడులే అని నెమ్మదిగా వస్తుంటే ఆయన ఫోన్లో ఉన్నాడు. ఎడమ కాలు తీశాను, నమస్తే పెట్టడానికి కుడి వైపు తిరిగాను. అంతే. పాలప్యాకెట్లు తెస్తున్న మూడో ఫ్లోర్ ఆంటీ "అయ్యో, చక్రం విరిగిందా నాయనా" అంది.

అది సరే. ఇప్పుడు కొత్త సమస్య. నలభై కిలోమీటర్లు దాటాక కుడి మోకాలు బయటి పక్కన సన్నగా లాగుతోంది, ఎడమ బాగానే ఉంది. పాత పెడల్స్‌తో ఇది లేదు. బొట్టుబిళ్లలు పెట్టే చేశాను, ఒట్టు.

భీమిలి_పెడల్

తడి పాదాల టెస్ట్ చేశావా? కుడి పాదం బయటికి తిరిగి ఉందా?

మియాపూర్_మలుపు

ఇప్పుడే చేశా అక్కా. కుడిది బాగా బయటికి తిరిగి ఉంది, ఎడమ దాదాపు తిన్నగా. నేను రెండు క్లీట్స్‌నీ స్కేల్ పెట్టి తిన్నగా బిగించాను 🙈

భీమిలి_పెడల్

అదే. నీ కాలు బయటికి పోదామంటోంది, క్లీట్ పోనివ్వట్లేదు, మోకాలు మధ్యలో నలుగుతోంది. కుడి క్లీట్ ముక్కుని లోపలికి, అంటే బొటనవేలి వైపు, కొంచెమే తిప్పు. ఒక్కసారికి ఒక్కటే మార్చు, ఒక రైడ్ చూసి మళ్లీ మార్చు, కోణం, సీటు రెండూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మడమ క్రాంక్‌కి రాసుకుంటుంటే క్లీట్‌ని అలాగే కొంచెం లోపలి పక్కకి జరిపితే పాదం బయటికి వస్తుంది. అంకుల్ చెప్పిన సీటు ఎత్తు కూడా తర్వాత చూసుకో, మోకాలు ముందు నొప్పి వస్తే సీటు తక్కువేమో, వెనక లాగితే ఎక్కువేమో అని మొదట అనుమానించాలి. రెండు వారాలకీ తగ్గకపోతే మాత్రం ఇక్కడ అడగడం ఆపి ఫిజియో దగ్గరికి వెళ్లు.

నో_టెన్షన్_నాయుడు

ఫ్లాట్ పెడల్ మీద పాదం దానికి నచ్చినట్టు అదే తిరుగుతుంది. ఊరికే చెప్తున్నా.

మియాపూర్_మలుపు

నాయుడు గారూ 😂

అప్‌డేట్: కుడి క్లీట్ రెండుసార్లు తిప్పాల్సొచ్చింది, మొదటిసారి అక్క చెప్పినా వినకుండా ఉల్టా తిప్పాను. నిన్న ట్రాక్ ఆ చివర దాకా పోయి వచ్చా, నలభై ఆరు కిలోమీటర్లు, మోకాలు గుర్తే రాలేదు. ఒకటే, కుడి కాలు కిందకి వచ్చిన ప్రతిసారీ షూ దగ్గర కిర్రుమంటోంది. పెడల్ పోయిందా?

పాత_అట్లాస్

పెడల్‌కేం కాదు. రెండుసార్లు విప్పావు కదా, గ్రీజు మళ్లీ రాశావా?

మియాపూర్_మలుపు

లేదు.